మూత కింద ఏం జరుగుతోంది?

జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. తెర మీద ఎండ పడకుండా కిటికీలు మూసేశారు. ఆఖరి బెంచీ పిల్లలు కాస్త జరిగి మీకూ చోటిచ్చారు. బల్ల మీద రెండు గ్యాస్ పొయ్యిలు, ఒక కుక్కరు, ఒక మామూలు గిన్నె, నానిన కందిపప్పు. గోడకున్న టచ్ ప్యానెల్ మీద మూత బిగించిన డబ్బా బొమ్మ. అందులో కదులుతున్న నీటి అణువులు.

ఇది ఫెట్ సిమ్యులేషన్, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగం. ఫెట్ అనేది నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

"రామ్మా, వేడి పెంచు" అన్నారు సైన్సు మేడం. ఓ అమ్మాయి వేలితో మీటను పైకి జరిపింది. అణువులు వణికాయి, విడిపోయాయి, మూతకేసి టపటపా కొట్టుకుంటున్నాయి. మూతను కిందికి నొక్కింది. చోటు తగ్గింది, పీడనం ముల్లు ఎగబాకింది. ఇంకా వేడి చేసింది. మూత ఎగిరిపోయింది! క్లాసంతా కేకలు.

"అందుకేరా కుక్కరుకి సేఫ్టీ వాల్వు. మరి విజిల్ వచ్చాక మంట తగ్గించమని అమ్మ ఎందుకంటుంది?"

"మాడిపోతుందని, మేడం."

అసలు కారణం చెప్పడానికి ఆవిడ బోర్డు మీద రెండు సంఖ్యలు వేశారు: 100, 120. తెరిచిన గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కరులో పీడనం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి సుమారు 120 దాకా వెళ్తాయి. అంతకు మించకుండా విజిల్ బరువు ఆవిరిని వదిలేస్తుంది. ఇక మంట ఎంత పెంచినా పప్పు తొందరగా ఉడకదు, గ్యాసే దండగ.

ఇప్పుడు కుక్కరులోనూ గిన్నెలోనూ పప్పు వేసి పొయ్యిలు వెలిగించారు. మొదటి విజిల్ రాగానే ఓ కుర్రాడు మంట సిమ్‌లో పెట్టాడు. కాసేపటికి కట్టేసి, ఆవిరి పూర్తిగా దిగాక మూత తీశారు. కమ్మటి వాసన గదంతా పరుచుకుంది. కుక్కరులోని పప్పు వేళ్ల మధ్య వెన్నలా నలిగింది. గిన్నెలోది నొక్కితే లోపల ఇంకా పలుకే.

వంటింట్లో రోజూ వినే మాటకి ఈ పిల్లలకు కారణం దొరికింది. మూత దాచేదాన్ని బొమ్మ చూపించింది, బొమ్మ చెప్పింది నిజమో కాదో పప్పు తేల్చింది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ ప్రతి బడిలోనూ ఇలాంటి పాఠం అందాలి.

"మేడం, తాలింపులో ఆవాలు ఎందుకు చిటపటలాడతాయి?"

"గింజ లోపల ఏమవుతుందనుకుంటున్నావో నాలుగు బొమ్మలు గీసి తీసుకురా. ముందు వాటిని తెర మీద కదిలించి చూద్దాం, తరవాత మూకుడు పెడదాం."