పురిటి జ్వరం, ఒక పట్టిక

ఇర్విన్ లౌడన్ ఇంగ్లండులో ఏళ్ల తరబడి కుటుంబ వైద్యుడిగా పనిచేసి, ఆ తర్వాత చరిత్రకారుడైన మనిషి. ప్రసూతి మరణాల మీద ఆయన రాసిన రెండు పుస్తకాల్లో 1992లో వచ్చిన ‘డెత్ ఇన్ చైల్డ్‌బర్త్’ అంకెల పుస్తకం. 2000లో వచ్చిన ‘ద ట్రాజెడీ ఆఫ్ చైల్డ్‌బెడ్ ఫీవర్’ మనుషుల పుస్తకం. ఈ రెండో పుస్తకం తెరిచేటప్పుడు సెమ్మెల్‌వైస్ కోసమే చూశాను. కానీ నన్ను చాలాసేపు నిలిపింది ఆయన కాదు, ఆయనకు అర్ధ శతాబ్దం ముందు స్కాట్లండు ఈశాన్య తీరంలోని అబర్డీన్ పట్టణంలో వైద్యం చేసిన అలెగ్జాండర్ గోర్డన్. వియన్నా కథ చాలామందికి తెలుసు. అబర్డీన్ కథ తెలియవలసినంతగా తెలియదు.

పురిటి జ్వరాన్ని మన పెద్దలు సూతికా జ్వరమని కూడా అన్నారు. కాన్పు సవ్యంగానే జరుగుతుంది, బిడ్డ ఏడుస్తుంది, ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. రెండో రోజో మూడో రోజో తల్లికి చలి పట్టుకుంటుంది, జ్వరం, ఆపైన పొత్తికడుపు ముట్టుకోనివ్వని నొప్పి. వారం తిరిగేలోపు చాలామంది పోయేవారు. ఆ మరణాలకు ముఖ్య కారణం స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి అని ఇవాళ మనకు తెలుసు. పద్దెనిమిదో శతాబ్దంలో మాత్రం చెడు గాలి అన్నారు, పాలు వెనక్కి తన్నాయన్నారు, తల్లి మనసులోని దిగులన్నారు. ప్రతి ఊళ్లోనూ ఒక సిద్ధాంతం ఉండేది.

గోర్డన్ నౌకాదళంలో శస్త్రవైద్యుడిగా పనిచేసి, 1785లో లండన్‌లో ప్రసూతి విద్య నేర్చుకుని అబర్డీన్ వచ్చాడు. పేదలకు వైద్యం చేసే డిస్పెన్సరీలో చేరాడు. 1789 డిసెంబరులో ఊళ్లో పురిటి జ్వరం మొదలై దాదాపు మూడేళ్లు సాగింది. ఆయన సిద్ధాంతాల జోలికి పోకుండా ఒక పట్టిక రాసుకున్నాడు. రోగి పేరు, వయసు, ఉండే చోటు, జబ్బు పడిన తేదీ, బతికిందా పోయిందా, చివరగా పురుడు పోసిందెవరు. మొత్తం 77 మంది. వారిలో 28 మంది చనిపోయారు.

విషయమంతా ఆ చివరి గడిలో ఉంది. జబ్బు వీధుల వెంట వ్యాపించలేదు, వాతావరణాన్ని బట్టి మారలేదు. అది కొందరు మంత్రసానుల వెంట, కొందరు నర్సుల వెంట నడిచింది. అంతకుముందు జబ్బు మనిషిని తాకినవారు ఎవరి కాన్పుకు వెళ్తే ఆ ఇంటికే అదీ వెళ్లింది. పురుడు పోయబోయేది ఎవరో వింటే చాలు, ఆ తల్లికి జ్వరం వస్తుందో రాదో ముందే చెప్పగలిగే స్థితికి వచ్చాడాయన. చర్మం ఎర్రబడి వాచే ఎరిసిపెలస్ అదే కాలంలో ఊళ్లో ప్రబలిందనీ, ఈ రెంటికీ సంబంధముందనీ గుర్తించాడు. రోగి గుడ్డల్ని, పక్కబట్టల్ని కాల్చాలని లేదా పొగ పట్టి శుద్ధి చేయాలని, వైద్యులూ నర్సులూ ఒళ్లు కడుక్కొని, తొడుక్కున్న బట్టల్ని పొగ పట్టాలని రాశాడు. సూక్ష్మజీవి సిద్ధాంతానికి అప్పటికింకా ముప్పాతిక శతాబ్దం దూరం.

1795లో ఈ పట్టికను పుస్తకంగా అచ్చువేశాడు. అందులో మంత్రసానుల పేర్లున్నాయి, ఆయన పేరూ ఉంది. చాలామంది స్త్రీలకు ఈ జబ్బును తానే మోసుకెళ్లానని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. వైద్య సాహిత్యంలో ఇంతకన్నా బరువైన వాక్యాలు ఎక్కువ లేవు. అయితే ఆయన అన్నిటా సరైనవాడు కాదు. మొదట్లోనే బాగా రక్తం తీసి విరేచనాలు చేయిస్తే జబ్బు నయమవుతుందని గట్టిగా నమ్మాడు. బాలింతకు అది మేలు చేసి ఉండదు. జబ్బు ఎలా వస్తుందో కనుక్కున్నవాడు దానికి చేసిన వైద్యంలో తన కాలపు మనిషిగానే మిగిలాడు.

ఊరు ఆయన్ని క్షమించలేదు. పేర్లు బయటపడిన మంత్రసానులూ, వారిని నమ్ముకున్న కుటుంబాలూ ఆయనపై కత్తి కట్టారు. అదే ఏడాది నౌకాదళం నుంచి మళ్లీ పిలుపు రావడంతో అబర్డీన్ వదిలి వెళ్లాడు. క్షయతో తిరిగివచ్చి 1799లో, యాభై నిండకుండానే కన్నుమూశాడు. 1843లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ ఈ జబ్బు అంటువ్యాధేనని వాదించినప్పుడు గోర్డన్‌ను సాక్ష్యంగా పిలిచాడు. నాలుగేళ్ల తర్వాత సెమ్మెల్‌వైస్ వియన్నాలో చేతులు కడిగించాడు.

ఇక్కడితో కథ సుఖాంతమని మనం అనుకుంటాం. లౌడన్ అంకెలు అలా అననివ్వవు. లిస్టర్ తర్వాత ప్రసూతి ఆసుపత్రులు బాగుపడ్డాయి గాని, దేశం మొత్తం లెక్క చూస్తే 1930ల నడిమి దాకా బ్రిటన్‌లో ప్రసూతి మరణాలు పెద్దగా తగ్గలేదు. ఇతర జబ్బులు తగ్గుతూ వచ్చిన కాలంలోనే సుమారు 250 కాన్పులకు ఒక తల్లి పోతూనే ఉంది. పేదరికమే కారణమైతే సంపన్నులు బతకాలి. కానీ వైద్యుణ్ని పిలిపించుకోగలిగిన ఇళ్లలోనూ, కొన్నిసార్లు అక్కడే ఎక్కువగా, తల్లులు చనిపోయారు. తొందరపడి వాడిన పట్టుకార్లు, సరిగా కడగని చేతులు డబ్బున్నవారిని వేరుగా చూడలేదు. 1936లో లండన్‌లో లెనార్డ్ కోల్‌బ్రుక్ సల్ఫా మందును పురిటి జ్వరానికి వాడి చూపించాక గీత నిట్టనిలువుగా కిందికి దిగింది.

అబర్డీన్ మాత్రం మందు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1918 నుంచి 1927 దాకా ఊళ్లో జరిగిన ప్రసూతి మరణాలన్నిటినీ పార్లేన్ కిన్‌లాక్, ఆయన సహచరులూ విడివిడిగా పరిశీలించి 1928లో నివేదిక ఇచ్చారు. ఎవరు చూసిన కాన్పు, ఎక్కడ జరిగింది? గోర్డన్ గడులే మళ్లీ. 1937లో ప్రసూతిశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన డూగల్డ్ బేర్డ్ పట్టికను బిడ్డ దాకా పొడిగించాడు. మృతశిశువు పుట్టినా, పురిటికందు మొదటి వారంలో పోయినా, దాని వెనక తల్లి ఎత్తు, చిన్ననాటి తిండి, భర్త చేసే పని, కాన్పుల సంఖ్య చూశాడు. బాల్యంలో కడుపునిండా తినని పిల్ల పొట్టిగా ఎదిగి, ఇరవై ఏళ్ల తర్వాత ఇరుకైన కటితో ప్రసవ వేదన పడుతుందని అంకెలతో చూపాడు. ఆ ప్రాంతపు కాన్పుల వివరాలను 1950 నుంచి ఒకేచోట భద్రపరిచారు. ఆ భాండారం ఇప్పటికీ పరిశోధకులకు అన్నం పెడుతోంది.

గోర్డన్ పడిన దెబ్బకు మందు మాత్రం ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952లో దొరికింది. ప్రతి ప్రసూతి మరణాన్నీ నిపుణులు పరిశీలిస్తారు, కానీ తల్లి పేరు, వైద్యుడి పేరు, ఆసుపత్రి పేరు చెరిపేస్తారు. శిక్ష భయం లేకపోతే నిజం చెబుతారన్నది నమ్మిక. ఏ మరణాన్ని ఆపగలిగేవాళ్లమో నివేదికలు నిర్మొహమాటంగా చెప్పసాగాయి. భారతదేశంలో ఈ పద్ధతిని 2004లో కేరళ ప్రసూతి వైద్యుల సమాఖ్య చేపట్టింది. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, కేరళలో 19. ఆ తేడా అంతా ఒక్క సమీక్ష వల్లే వచ్చిందనలేం. మన రెండు రాష్ట్రాలూ చాలా దూరం వచ్చాయి కూడా.

అయినా హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పటి ఒక రాత్రి నాకు గుర్తుంది. అధిక రక్తస్రావంతో ఒక తల్లి పోయింది. తెల్లవారాక కేసు షీటులో ‘ఆలస్యంగా తీసుకొచ్చారు’ అని రాశాం. అది అబద్ధం కాదు. కానీ వచ్చాక రక్తం సీసా కోసం మేమెంతసేపు వెతికామో ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు. ఎవరి పేరు బయటికొస్తుందోనన్న భయం గదిలో అందరికీ ఉంది. 77 మంది స్త్రీల జాబితాలో తన పేరు తానే రాసుకున్న మనిషి గురించి అప్పటికి నేను చదవలేదు. చదివి ఉన్నా రాసేవాణ్ణని చెప్పలేను. పేరు అడగకుండా ఏం జరిగిందో మాత్రమే అడిగే కాగితం ఒకటి ఆ ఉదయం మా ముందు ఉండి ఉంటే, రాసేవాణ్ణేమో.