వాలసీ ‘సౌర పాఠశాల’: శక్తి స్పృహతో కూడిన నిర్మాణం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

భవన నిర్మాణంలో ఇంధన పొదుపు ఆలోచన 1973 నాటి చమురు సంక్షోభంతో మొదలైందని సాధారణంగా భావిస్తారు. అయితే అంతకు పన్నెండేళ్ల ముందే, 1961లో, ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని వాలసీ పట్టణంలో బాయిలర్ అవసరం లేకుండా చలికాలం గడపగల ఒక పాఠశాల వెలసింది. అదే సెయింట్ జార్జ్ సెకండరీ స్కూలు. స్థానిక పురపాలక సంస్థలో పనిచేసిన వాస్తుశిల్పి ఎమ్స్లీ మోర్గాన్ దీని రూపకర్త. దీనికి స్థిరపడిన ‘సౌర పాఠశాల’ అన్న పేరు ఎంతవరకు సార్థకమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం:

1944 విద్యాచట్టం తరువాత బ్రిటన్‌లో పాఠశాలల అవసరం ఒక్కసారిగా పెరిగింది. హెర్ట్‌ఫర్డ్‌షైర్ వంటి ప్రాంతాలలో ముందుగా తయారుచేసిన తేలికపాటి భాగాలతో భవనాలను త్వరత్వరగా నిలబెట్టారు. తరగతి గదులలో పగటి వెలుతురు తగినంత ఉండాలన్న నిబంధన వల్ల కిటికీలు విశాలమయ్యాయి. పలుచని గోడలు, పెద్ద అద్దాలు కలిసి వేసవిలో ఉక్కను, శీతకాలంలో చలిని లోనికి తెచ్చాయి.

నిర్మాణ విధానం:

మోర్గాన్ ఇందుకు భిన్నమైన దారి తొక్కారు. దక్షిణ ముఖాన్ని సుమారు 60 సెంటీమీటర్ల ఎడంతో రెండు పొరల అద్దపు గోడగా మలిచారు. పైకప్పు, అంతస్తులు మందపాటి కాంక్రీటుతోనూ, లోపలి గోడలు ఇటుకతోనూ నిర్మించి, వెలుపల పాలిస్టైరీన్ కప్పారు. బరువైన కట్టడం పగటి వేడిని దాచుకొని నెమ్మదిగా విడుస్తుంది. వెలుపలి కప్పు దానిని బయటకు పోనీయదు. ముందుజాగ్రత్తగా అమర్చిన తాపన వ్యవస్థ అవసరమే పడలేదు.

వేడి ఎక్కడిది?

53 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, మబ్బు పట్టిన డిసెంబరులో, సూర్యుడొక్కడే ఇంత పని చేయగలడా? ఈ పాఠశాలపై సాగిన పరిశీలనలు వేడికి మూడు ఆధారాలను చూపాయి: సూర్యుడు, విద్యుద్దీపాలు, విద్యార్థులు. నాటి ఫిలమెంటు బల్బులు తీసుకున్న విద్యుత్తులో తొంభై శాతానికి పైగా వేడిగానే వెలువడేది. ముప్పై మంది పిల్లలున్న తరగతి, వారి శరీరోష్ణం వల్లనే, రెండు కిలోవాట్ల హీటరుతో సమానం. ఈ వేడి నిలవాలంటే గాలి మార్పిడిని పరిమితం చేయక తప్పదు. గదులలో గాలి ఆడదన్న ఫిర్యాదుకు మూలం ఇదే. అంటే ఆదా అయిన ఇంధనానికి మూల్యం కొంత కరెంటు రూపంలో, కొంత పిల్లలు పీల్చే గాలి రూపంలో చెల్లింది.

ముగింపు:

కనుక ‘సౌర పాఠశాల’ అన్న పేరు అర్ధసత్యమే. రేనర్ బాన్‌హామ్ 1969లో వెలువరించిన గ్రంథంలో ఈ భవనానికి చోటిచ్చారు. అయినా తరువాతి తరాలకు ఎక్కువగా గుర్తున్నది అద్దపు గోడే. వాలసీ నేర్పే అసలు పాఠం గోడ కాదు, లెక్క. లోనికి వచ్చే వేడి, లోపల పుట్టే వేడి, బయటకు పోయే వేడి మూడింటినీ కలిపి లెక్కించాలి. ఆ లెక్క వేయకుండా అద్దపు ముఖాన్ని మాత్రమే అనుకరిస్తే, వాలసీలో పిల్లలకు వెచ్చదనమిచ్చిన గోడే ఎండ మెండైన తెలుగునాట వారిని ఉడికిస్తుంది.