డ్రిల్లు మాస్టరుగారు

బడిలో లెక్కల పంతులుగారికున్న గౌరవం డ్రిల్లు మాస్టరుగారికి లేదన్నది మనందరూ ఎరిగిన సంగతే. పరీక్షలు దగ్గరపడితే ముందుగా ఎగిరిపోయేది ఆయన పీరియడే. ఈల వూదడానికి చదువెందుకని నవ్వేవారూ ఉన్నారు. కాని ఆ ఈలకు కూడ ఒక చరిత్ర ఉన్నది.

1920లో హారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు మద్రాసులో వై.ఎం.సి.ఎ. పక్షాన వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. వ్యాయామోపాధ్యాయులకు ప్రత్యేక శిక్షణ కావాలన్న భావానికి అది మన దేశంలో గట్టి పునాది. అయితే శిక్షణ ఒక ఎత్తు, పనిలో మనసు పెట్టడం మరొక ఎత్తు. రెండవదానికి హైదరాబాదు రహీం సాహెబుగారే నిదర్శనం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించారు. ఉస్మానియాలో పట్టం పుచ్చుకొని బడిపంతులైనారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలల్లో ఆటల బాధ్యత వహించారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకూ, భారత ఫుట్‌బాల్ జట్టుకూ శిక్షకులైనా ఆయన పద్ధతి బడిపంతులు పద్ధతే. బంతిని కాళ్ళ మధ్యనే తిప్పుకొనే అలవాటు మాన్పడానికి, అలా తిప్పరాదన్న నిబంధనతో పోటీలే నడిపారు.

ప్రవాసులమైన మనకు ఆయన కథలో మరొక ముచ్చట ఉన్నది. సికింద్రాబాదు అమ్ముగూడలో స్థిరపడిన ఒక పేద తమిళ కుటుంబంలోని పిల్లవాడు తులసీదాస్ బలరాం. మనం తమిళ దేశానికి వచ్చినట్లే వారు తెలుగు దేశానికి వచ్చినవారు. అంత దూరం నుండి ఆటకు రావడానికి దారిఖర్చు లేదంటే, సైకిలు అద్దెకు రహీంగారే డబ్బిచ్చేవారని బలరాం తరువాత చెప్పుకొన్నారు. కుర్రవాడి భాష ఏదని గురువు అడుగలేదు, ఆటనే చూచారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు నాలుగవ స్థానం పొందినది. 1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణ పతకం గెలిచినది. ఆ జట్టులో బలరామూ ఉన్నారు. అప్పటికే కాన్సరు రహీంగారిని తినివేస్తున్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు.

ఈ ఉగాది తరువాత మన పిల్లల బడికి వెళ్ళినప్పుడు మార్కుల సంగతి ఎలాగూ అడుగుతాం. మైదానంలో ఎండన నిలబడి ఉన్న ఆ మాస్టరుగారికి కూడ ఒక నమస్కారం పెట్టి వద్దాం. వీలైతే, ఆయన పీరియడు ఆయనకే ఉంచమని ప్రధానోపాధ్యాయులకు ఒక మాట చెప్పి వద్దాం.