చంద్రుడి లెక్కతో తిరిగే కణాలు

భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు హిమాలయాల్లో యోగసాధన చేశారు. స్వామి జ్ఞానానందగా ఐరోపా వెళ్లి, ప్రాగ్‌లో భౌతికశాస్త్ర పరిశోధన చేశారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక విభాగానికి పునాది వేశారు. 1947లో అమెరికాలో అచ్చయిన ఆయన పుస్తకం ‘హై వాక్యువా’. గొట్టంలోంచి గాలిని ఎలా తోడెయ్యాలి, మిగిలినదాన్ని ఎలా కొలవాలి అన్నదే అందులో విషయం. కణాలను గుండ్రంగా తిప్పి వేగం పెంచే వలయాకార యాక్సిలరేటర్‌కు మొదట కావలసింది ఆ శూన్యమే.

గాలి తీసేసినా కణం గీత గీసినట్టు తిరగదు. నడిమి దారికి అటూ ఇటూ ఊగుతూ పోతుంది. 1941లో భౌతికశాస్త్రవేత్తలు కెర్స్ట్, సెర్బర్ బీటాట్రాన్ అనే యాక్సిలరేటర్ కోసం ఈ ఊగులాటను లెక్కగట్టారు. అది ఎంత పెద్దదైతే గొట్టం అంత వెడల్పు, అయస్కాంతం అంత బరువు. యంత్రం పెరిగేకొద్దీ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

1952 వేసవిలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో భౌతికశాస్త్రవేత్త లివింగ్‌స్టన్‌కు ఓ అనుమానం వచ్చింది. అయస్కాంతాల నోళ్లన్నీ బయటికే ఎందుకుండాలి? ఒకటి లోపలికి, ఒకటి బయటికి తిప్పితే? ఆయన సహచరుడు కూరాంట్ లెక్క వేసి చూశారు. చెదిరిపోతుందనుకున్న కణపుంజం ఇంకా బిగుసుకుంది. అందులో వాడిన సమీకరణం మాత్రం పాతదే, 1877లో చంద్రుడి గమనం కోసం ఖగోళ శాస్త్రవేత్త హిల్ రాసుకున్నది.

ఆలోచన కూడా అంత కొత్తది కాదు. ఏథెన్స్‌లో లిఫ్టుల వ్యాపారంలో ఉన్న క్రిస్టోఫిలోస్ 1950లోనే దాన్ని అమెరికాలోని బర్కిలీ ప్రయోగశాలకు రాసి పంపితే ఎవరూ పట్టించుకోలేదు. ఆయన అమెరికా వచ్చి నిలదీశాక, బ్రూక్‌హేవెన్ ఆయనే ముందని ఒప్పుకుని ఉద్యోగం కూడా ఇచ్చింది.

ఈ కొత్త పద్ధతి సంబరంలో ఇంగ్లండ్‌కు చెందిన భౌతికశాస్త్రవేత్త జాన్ లాసన్ మెలిక పెట్టారు. అయస్కాంతాలు కాగితం మీద గీసిన చోటే కచ్చితంగా కూర్చోవు కదా. ఒక చుట్టులో కణం ఊగే సంఖ్య పూర్ణాంకమైతే, ఆ చిన్న తేడా ప్రతి చుట్టులోనూ దాన్ని అదే వైపు తోస్తుంది, ఊపు చూసి ఉయ్యాలను తోసినట్టు. కాసేపటికి పుంజం గోడకు తగులుతుంది. అలాంటి యంత్రమే కడుతున్న ఐరోపా ప్రయోగశాల సెర్న్ వాళ్లు బిగింపు సడలించి, గొట్టం వెడల్పు చేసి, పూర్ణాంకాలకు దూరం జరిగారు. 1959 నవంబర్ 24న వాళ్ల 628 మీటర్ల వలయంలో కణాలు 24 జీఈవీ శక్తిని అందుకున్నాయి.

ఇందోర్‌లోని ఎలక్ట్రాన్ వలయం ఇండస్-2కూ ఇదే లెక్క. చుట్టుకొలత 172 మీటర్లు. ఎలక్ట్రాన్‌కు సెకనుకు 17 లక్షల చుట్లు. ఒక్కో అయస్కాంతాన్ని ఒక్కో మాత్రికగా రాసి, వరసగా గుణిస్తే ఒక చుట్టు తేలుతుంది. ఆరు ధ్రువాల అయస్కాంతాలు చేరాక మాత్రికలు చాలవు. కంప్యూటర్‌లో కొన్ని కణాలను చుట్టు చుట్టునా నడిపించి, ఏవి నిలుస్తాయో, ఏవి జారిపోతాయో చూసుకోవాల్సిందే.