‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటున్నారా? ఇంగ్లిష్‌లో ‘టు’ ఎక్కడ పెట్టాలి.. ఎక్కడ పెట్టకూడదు?

పదాలన్నీ తెలిసినవే. స్పెల్లింగ్ కరెక్టే, టెన్స్ కూడా కరెక్టే. అయినా ఇంటర్వ్యూలోనో, ఆఫీస్ మెయిల్‌లోనో వాక్యం ఎక్కడో తేడా కొడుతుంది. చాలాసార్లు ఆ తేడా ఒక్క చిన్న పదం దగ్గరే వస్తుంది. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’, ‘కాల్ టు మీ’, ‘డిస్కస్ అబౌట్ ఇట్’.. ఇవి మన దగ్గర తరచూ వినిపించే మాటలే. మూడూ తప్పే! మొదటిదాంట్లో ‘టు’ లేక తప్పు, రెండోదాంట్లో ‘టు’ ఉండి తప్పు. మరి రూల్ ఏంటి? చూద్దాం..

అసలు చిక్కు ఎక్కడ?
తెలుగులో ఈ పని విభక్తి చూసుకుంటుంది. నన్ను, నాకు, నాతో, నా కోసం, నా గురించి.. మాట చివర మారితే చాలు, అర్థం తెలిసిపోతుంది. ‘నాకు పుస్తకం ఇవ్వు’ అన్నా, ‘పుస్తకం నాకు ఇవ్వు’ అన్నా ఇబ్బంది లేదు.

ఇంగ్లిష్‌లో అలా కుదరదు. అక్కడ ‘నన్ను’ అనాలన్నా ‘మీ’యే, ‘నాకు’ అనాలన్నా ‘మీ’యే. కాబట్టి తేడా చూపించే పని రెండింటి మీద పడింది. ఒకటి పదాల వరుస. రెండోది టు, ఫర్, ఎట్, ఆన్ లాంటి ప్రిపోజిషన్లు. ప్రిపోజిషన్ కావాలా, వద్దా అని తేల్చేది మాత్రం ముందున్న వెర్బ్. తెలుగులో ‘కి’, ‘కు’ వచ్చిన ప్రతిచోటా ‘టు’ పెట్టేస్తే దెబ్బ తినేది ఇక్కడే.

వెర్బ్‌లు నాలుగు రకాలు..

1. ఎలా వాడినా ఓకే: గివ్, సెండ్, షో, బ్రింగ్, టీచ్, లెండ్. ‘సెండ్ మీ ద ఫైల్’ అనొచ్చు, ‘సెండ్ ద ఫైల్ టు మీ’ అనొచ్చు. అయితే ఫైల్ అనే మాట బదులు ‘ఇట్’ వాడితే ‘సెండ్ ఇట్ టు మీ’ అనడమే సేఫ్.

2. ‘టు’ ఉండాల్సిందే: ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, ఇంట్రడ్యూస్, సే. ‘ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మీ’ అనాలి. చెప్పాల్సింది పొడుగ్గా ఉంటే ‘టు మీ’ ముందుకొస్తుంది. ఉదాహరణకు ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ హౌ దిస్ వర్క్స్’. అలాగే ‘హి సెడ్ మీ’ అనకూడదు. ‘హి సెడ్ టు మీ’ లేదా ‘హి టోల్డ్ మీ’ అనాలి.

3. ప్రిపోజిషన్ వద్దు: కాల్, కాంటాక్ట్, ఆన్సర్, డిస్కస్, మ్యారీ, రీచ్. ‘నాకు కాల్ చెయ్’ అంటే ‘కాల్ మీ’. ‘నాతో పెళ్లి’ అని ‘మ్యారీ విత్ మీ’ అనకూడదు, ‘మ్యారీ మీ’ చాలు. ‘డిస్కస్ ఇట్’ కరెక్ట్. కానీ ‘డిస్కషన్’ అనే నామవాచకం వస్తే ‘డిస్కషన్ అబౌట్ ఇట్’ అనొచ్చు. చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే.

4. ప్రిపోజిషన్ లేకపోతే వాక్యమే నిలబడదు: లిజన్ టు మీ, లుక్ ఎట్ మీ, వెయిట్ ఫర్ మీ, రిప్లై టు మీ, డిపెండ్ ఆన్ మీ. ‘ఆన్సర్ మీ’ సరైనదే, ‘రిప్లై మీ’ తప్పు. అర్థం దాదాపు ఒకటే, పద్ధతి మాత్రం వేరు!

ఎందుకిలా?
దీని వెనక చరిత్ర ఉంది. గివ్, సెండ్, షో, టెల్ లాంటివి ఇంగ్లిష్‌కు పుట్టుకతో వచ్చిన పాత మాటలు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించాక ఫ్రెంచ్ పదాలు పెద్ద ఎత్తున చేరాయి. తర్వాత పండితుల రాతల ద్వారా లాటిన్ పదాలూ వచ్చాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, డొనేట్ లాంటి లాటిన్ మూలాలున్న వెర్బ్‌లు చాలావరకు ‘టు’ కోరతాయి. అయితే ఇది గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే కొండగుర్తే తప్ప పక్కా రూల్ కాదు. ‘ఆఫర్’, ‘ప్రామిస్’ లాటిన్ నుంచి వచ్చినా ‘ఆఫర్ మీ’, ‘ప్రామిస్ మీ’ అనొచ్చు. ‘సే’ పాత మాటే అయినా ‘టు’ అడుగుతుంది.

‘ఇట్’ మధ్యలోనే కూర్చోవాలి!
‘స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్’.. రెండూ రైటే. కానీ ఫ్యాన్ బదులు ‘ఇట్’ పెడితే ‘స్విచ్ ఇట్ ఆఫ్’ ఒక్కటే కరెక్ట్. ‘స్విచ్ ఆఫ్ ఇట్’ అనకూడదు. పిక్ హిమ్ అప్, కాల్ హర్ బ్యాక్, త్రో దెమ్ అవే కూడా ఇంతే. అయితే ‘లుక్ ఆఫ్టర్ హిమ్’లో హిమ్ చివరే ఉండాలి. ఎలా కనిపెట్టాలి? నామవాచకంతో టెస్ట్ చేయండి. ‘స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్’ అనగలం కాబట్టి ‘ఇట్’ మధ్యలోకి వస్తుంది. ‘లుక్ ద బేబీ ఆఫ్టర్’ అనలేం కాబట్టి ‘హిమ్’ చివరే ఉంటుంది.

చిన్న పదం మారితే అర్థమే మారిపోద్ది
‘ఆస్క్ హిమ్’ అంటే అతన్ని అడుగు. ‘ఆస్క్ ఫర్ హిమ్’ అంటే అతనితో మాట్లాడాలని అడుగు. ‘ఆస్క్ ఆఫ్టర్ హిమ్’ అంటే అతని క్షేమం అడుగు. ‘పుట్ హిమ్ అప్’ అంటే అతనికి ఇంట్లో చోటివ్వడం, ‘పుట్ అప్ విత్ హిమ్’ అంటే అతన్ని భరించడం. ఇంకోటి చూడండి.. ‘ఐ రాన్ ఓవర్ టు హిమ్’ అంటే పరుగున అతని దగ్గరికి వెళ్లా. అందులోంచి ‘టు’ తీసేసి ‘ఐ రాన్ ఓవర్ హిమ్’ అంటే.. అతని మీదుగా బండి పోనిచ్చా అని! యాక్సిడెంట్ కేసులో స్టేట్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క ‘టు’ ఎంత ముఖ్యమో ఆలోచించండి.

ఎలా నేర్చుకోవాలి?
వెర్బ్‌ను ఒంటరిగా బట్టీ పట్టొద్దు. దాని వెంట వచ్చే మాటతో కలిపే గుర్తుపెట్టుకోండి. ‘వెయిట్’ కాదు, ‘వెయిట్ ఫర్ హిమ్’. ‘ఎక్స్‌ప్లెయిన్’ కాదు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు హిమ్’. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, విదేశీ విద్యార్థులకు ఈ వెర్బ్ ప్యాటర్న్‌లే పెద్ద సమస్య అని గుర్తించారు. వాటిని చూపిస్తూ సహచరులతో కలిసి తయారుచేసిన డిక్షనరీ 1942లో టోక్యోలో వచ్చింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్లీ ప్రచురించింది. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే.

ఇప్పుడు ఫోన్‌లోనే లెర్నర్స్ డిక్షనరీలు దొరుకుతున్నాయి. అందులో ‘ఎస్‌టీహెచ్’ అని కనిపిస్తే సమ్‌థింగ్, ‘ఎస్‌బీ’ అని కనిపిస్తే సమ్‌బడీ అని అర్థం. ఎక్స్‌ప్లెయిన్ దగ్గర ‘ఎస్‌టీహెచ్ టు ఎస్‌బీ’ అని ఉంటుంది. అంటే మనిషి ముందు ‘టు’ తప్పదన్నమాట. ఈసారి డౌట్ వస్తే అర్థం ఒక్కటే చూసి వదిలేయకండి.. ఆ గుర్తులు కూడా చూడండి.