గాదంకికి ముందు వాల్తేరు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, గాదంకి దగ్గర కొండల నడుమ ఒక మైదానం ఉంది. పొడవు 130 మీటర్లు, వెడల్పూ అంతే. అందులో 1024 యాగీ ఏంటెనాలు వరుసలు తీరి నిలబడి ఉంటాయి. అవన్నీ కలిసి ఒకే రాడార్. మన దేశంలో పైవాతావరణ పరిశోధనకు పెట్టిన అతి పెద్ద పెట్టుబడుల్లో ఇదొకటి. దాని చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా ఎనభైల నాటి ఢిల్లీ సమావేశాల దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం విజయనగరం, పాలకొండ, జయపురం అన్నీ ఒక్కటిగా ఉన్న పాత విశాఖపట్నం జిల్లా దగ్గర మొదలుపెడతాను. ఆకాశాన్ని కొలవడానికి డబ్బు ఎవరివ్వాలన్న ప్రశ్న తెలుగు నేల మీద ముందుగా తలెత్తిన చోట్లలో అదొకటి.

1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర నేర్చుకున్న విద్య అది. జగ్గారావు పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గ్రహణాలు, శుక్ర సంక్రమణం చూడటంతో పాటు వాతావరణ లెక్కలు కూడా రాస్తూ వచ్చాడు. 1892లో నరసింగరావు కన్నుమూశాడు. రెండేళ్లకు ఆ వేధశాల మద్రాసు ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఒక ఇంటి ఆస్తి మీద నిలబడిన శాస్త్రానికి ఆ ఇంటి ఆయుష్షే ఆయుష్షు.

తర్వాతి దాత జయపురం మహారాజు విక్రమదేవ వర్మ. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇచ్చేలా ఏర్పాటు చేశాడు. విశాఖపట్నం వాల్తేరులోని దాని సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే విరాళానికీ దీనికీ చాలా తేడా ఉంది. పరికరం కొనడానికి డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు. పదేళ్ల తర్వాత దాని మరమ్మతుకు, దాన్ని నడిపే మనిషి జీతానికి ఇచ్చేవాళ్లు అరుదు. విక్రమదేవ వర్మ ఆ రెండోది కూడా ఆలోచించాడు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు అయనావరణ పరిశోధనను నిలబెట్టారు. అప్పటి పద్ధతి చవకైనది, తెలివైనది. రేడియో తరంగాన్ని నిట్టనిలువుగా పైకి పంపుతారు. వంద కిలోమీటర్లు దాటి, విద్యుదావేశంతో ఉన్న అయనావరణ పొర నుంచి అది తిరిగొస్తుంది. నేల మీద త్రికోణంగా పెట్టిన మూడు రిసీవర్లలో ఆ ప్రతిధ్వని హెచ్చుతగ్గులు ఒకదాని తర్వాత ఒకటిగా నమోదవుతాయి. ఏ మూలకు ముందు చేరింది, ఎంత ఆలస్యంగా రెండో మూలకు చేరింది అన్నదాన్ని బట్టి పైన పొర ఎటు, ఎంత వేగంతో కదులుతోందో లెక్క కట్టవచ్చు. యూనివర్సిటీ గ్రాంటుకు అందే పని ఇది. ఆ తర్వాత ఎం. శ్రీరామారావు బృందం ఉల్కా రాడార్‌తో ఇంకో మెట్టు ఎక్కింది. ఉల్క కాలిపోతూ వదిలిన అయాన్ల చార గాలితో పాటు కొట్టుకుపోతుంటే, దాని ప్రతిధ్వనిని బట్టి 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తులో గాలిని కొలిచారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఇంటి నుంచి ఒక పూట రైలు ప్రయాణం దూరంలోనే ప్రపంచస్థాయి పైవాతావరణ పరిశోధన దొరికిన రోజులవి.

ఇంతలో పెరూలో రాన్ వుడ్‌మన్, అల్బెర్టో గిలెన్ 1974లో ఒక ఫలితం ప్రచురించారు. అయనావరణం కోసం కట్టిన హికమార్కా రాడార్ అంతకంటే కింది పొరల్లో, ఏ అయాన్లూ లేని గాలిలో సుడుల నుంచి కూడా ప్రతిధ్వనులు పట్టగలదని తేలింది. కానీ ఆ ప్రతిధ్వని అతి బలహీనం. దాన్ని పట్టాలంటే మెగావాట్ల శక్తి, ఎకరాల కొద్దీ ఏంటెనా కావాలి. ఇక్కడికి వచ్చేసరికి ఏ యూనివర్సిటీ జేబూ చాలదు. జపాన్ 1984లో షిగారాకిలో ఆ కోవకే చెందిన ఎం.యు. రాడార్ కట్టుకుంది.

మన దగ్గర దారి చూపింది 1982లో మొదలైన భారత మధ్య వాతావరణ కార్యక్రమం. ఒక్క శాఖ భరించలేని ఖర్చును పంచుకున్నారు. అంతరిక్ష శాఖ, ఎలక్ట్రానిక్స్ శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ, పర్యావరణ శాఖ, డి.ఆర్.డి.ఓ., సి.ఎస్.ఐ.ఆర్. తలో చెయ్యి వేశాయి. గాదంకి రాడార్ నిర్మాణం ఎలక్ట్రానిక్స్ శాఖకు చెందిన సమీర్ సంస్థది, నిర్వహణ బాధ్యత అంతరిక్ష శాఖది. ఆరు దఫ్తరాల సంతకాలు ఒక్క కాగితం మీదకు రావడం యంత్రం కట్టడం కన్నా తేలికేమీ కాదు. అందుకే దశలవారీగా వెళ్లారు. ముందు కింది పొరలు చూసే రూపంలో నడిపి, ఫలితం చూపించి, ఆ తర్వాత తొంభైల మొదట్లో పూర్తి శక్తికి తెచ్చారు. 53 మెగాహెర్ట్జ్, గరిష్ఠంగా 2.5 మెగావాట్లు. తరంగదైర్ఘ్యం అయిదున్నర మీటర్ల పైచిలుకు కాబట్టి, దాదాపు మూడు మీటర్ల గాలి సుడులు దానికి కనిపిస్తాయి.

చోటు ఎంపిక కూడా లెక్క ప్రకారమే జరిగింది. చుట్టూ కొండలు ఉండటం వల్ల దూరపు వస్తువుల నుంచి వచ్చే అనవసర ప్రతిధ్వనులు తగ్గుతాయి. రేడియో గోల తక్కువ. శ్రీహరికోట రాకెట్లతో కలిపి ప్రయోగాలు చేయవచ్చు. అయస్కాంత భూమధ్యరేఖ కూడా దగ్గరే. ఇన్ని కారణాలున్నప్పుడు ఉత్తరాంధ్రకు అన్యాయం జరిగిందని నేననను. 2005లో గాదంకి కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. పాత పద్ధతిలో 32 ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటి 32 ఏంటెనాల వరుసను నడిపేవి. ఒకటి ఆగితే వరుసంతా మూగబోయేది. తర్వాత ప్రతి ఏంటెనాకూ సొంతంగా ఒక కిలోవాట్ మాడ్యూల్ అమర్చారు. ఇప్పుడు ఒకటి చెడితే పోయేది ఒకటే.

ఉత్తర కోస్తాకు దక్కిన రాడార్లు వేరే రకం. 1970లో విశాఖపట్నంలో తుఫానుల రాడార్ పెట్టారు, ఆ తర్వాత డాప్లర్ రాడార్ వచ్చింది. ఇవి వాన చినుకులను చూస్తాయి. చినుకు లేని గాలిని, తుఫాను నెత్తిన పది పదిహేను కిలోమీటర్ల ఎత్తులో జరిగేదాన్ని చూడటానికి గాదంకి కోవకు చెందిన యంత్రం కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం వైపు వచ్చింది. ఆ దెబ్బల నుంచి ఉద్దానం కొబ్బరి తోటలు అంత త్వరగా కోలుకోలేదు.

కొచ్చిన్ విశ్వవిద్యాలయం 205 మెగాహెర్ట్జ్ దగ్గర 619 ఏంటెనాలతో తన ప్రాంగణంలోనే ఇలాంటి చిన్న రాడార్ నడుపుతోంది. ఋతుపవనాలు కేరళకు ముందుగా వస్తాయన్నది వాళ్ల వాదన. తుఫానులు మా తీరం మీద పడతాయన్న మా వాదన అంతకన్నా బలహీనమైంది కాదు. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో జె.ఎన్.టి.యు. ఉంది, వాల్తేరులో ఈ పని తెలిసిన విభాగం ఉంది. మూడూ కలిసి ఇక్కడ అలాంటి చిన్న రాడార్ కోసం ఒకే ప్రతిపాదన రాయాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖను, రాష్ట్ర విపత్తుల సంస్థను వాటాదారులుగా పెట్టుకోవాలి. ముందు తక్కువ ఏంటెనాలతో మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పదిహేనేళ్ల కరెంటు బిల్లును, ఇద్దరు ఇంజనీర్ల జీతాన్ని మొదటి కాగితంలోనే అడగాలి.