పిల్లి కనుగూట్లో కణితి: కన్ను తీసే రోజుల నుంచి కన్ను నిలిపే రోజులకు

పిల్లి కన్ను ఒకటి ముందుకు పొడుచుకొస్తే, చాలాకాలం వైద్యుడి చేతిలో ఉన్న దారి ఒక్కటే, ఆ కన్ను తీసేయడం. కనుగూడు ఎముకలో పుట్టిన కణితి ఎంత లోతుకు పాకిందో కోసి చూస్తే తప్ప తెలిసేది కాదు.

మనుషుల వైద్యం ముందు నడిచింది. 1888లో జ్యూరిక్ సర్జన్ క్రోన్‌లైన్ కనుగూడు పక్కగోడ ఎముకను తెరిచి, కంటిని కాపాడుతూనే వెనక ఉన్న గడ్డను తీసే పద్ధతి చూపాడు. 1895లో ఎక్స్‌రే వచ్చినా పిల్లికి ఒరిగింది తక్కువే. అంత చిన్న పుర్రెలో ఎముకల నీడలు ఒకదానిపై ఒకటి పడి కణితి అంచు మసకబారిపోతుంది. ఆ అంచును తేటగా చూపింది సీటీ స్కాన్. 1971లో లండన్‌లో తొలిసారి మనిషికి తీసిన ఆ స్కాన్, పశువైద్యశాలలకు చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రను మలుపు తిప్పింది కత్తి పదును కాదు, ఈ చూపే.

పశువైద్యంలో 1979లో స్లాటర్, అబ్దెల్‌బాకి కుక్కలో చెంప ఎముక వంపును కోసి కనుగూట్లోకి వెళ్లే దారిని వివరించారు. 1992లో గిల్గర్ బృందం 1974 నుంచి 1990 దాకా కనుగూడు కణితులు వచ్చిన 21 పిల్లుల వివరాలు ప్రచురించింది. ఎముకవీ మెత్తని కణజాలానివీ కలిపి చూసిన ఆ లెక్కలో అత్యధికం ప్రాణాంతకమైనవే. 1996లో ఒబ్రయన్, విత్‌రో తదితరులు కనుగూడు ఎముకను కొంతమేరకో పూర్తిగానో తొలగించిన 24 కుక్కల, 6 పిల్లుల అనుభవాన్ని రాశారు. పిల్లులు ఆరే! వాటి గురించి మన జ్ఞానం ఎంత కొద్ది జీవుల మీద నిలబడిందో ఆ అంకె చెబుతుంది.

పిల్లిని చిన్న కుక్కగా లెక్కగడితే ప్రమాదం. దాని కంటి నాడి పొట్టిది. కన్ను తీసేటప్పుడు గట్టిగా లాగితే, రెండు కళ్ల నాడులు కలిసే చోటు దెబ్బతిని, బాగున్న రెండో కన్నూ పోవచ్చు. నోరు తెరిచి ఉంచే స్ప్రింగు పరికరమూ అంతే. పిల్లి మెదడుకు రక్తం ప్రధానంగా దవడ ధమని నుంచే అందుతుంది. నోరు మరీ వెడల్పుగా తెరిచి ఉంచితే ఆ ధమని నలుగుతుంది. మత్తు నుంచి లేచాక చూపు పోయిన 20 పిల్లులను స్టైల్స్ బృందం 2012లో పరిశీలించింది. వాటిలో ఎక్కువ వాటికి ఆ పరికరం వాడారు. దవడ వైపు నుంచి కనుగూటికి వెళ్లే సర్జన్ ఇది మరవకూడదు.

కణితి స్వభావాన్ని బట్టి దారి మారుతుంది. ఆస్టియోమా అనే నిరపాయకరమైన ఎముక కణితి ఇతర అవయవాలకు పాకదు, కానీ పెరుగుతూ కంటిని నెడుతుంది. పూర్తిగా తీయగలిగితే మేలు. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ప్రాణాంతకమే అయినా, కుక్కల్లో కంటే పిల్లుల్లో ఊపిరితిత్తులకు తక్కువగా పాకుతుంది. అందుకే చుట్టూ ఆరోగ్యకరమైన ఎముక అంచుతో సహా తీయగలగడమే అక్కడ గెలుపు. అలా కుదరని చోట కన్ను వదులుకోవాల్సి వస్తుంది, రేడియేషన్ తోడు కావాల్సి వస్తుంది.

మీ పిల్లికి ఒక కన్ను ఉబ్బినా, మూడో రెప్ప పైకొచ్చి నిలిచిపోయినా, కనుబొమ దగ్గర గట్టి బుడిపె తగిలినా ఆలస్యం చేయకండి. కన్ను తీయడానికి ఒప్పుకునే ముందు సీటీ స్కాన్, బయాప్సీ చేయించమని అడగండి.